హ్యాచ్‌బ్యాక్‌ని ఎంత దించొచ్చు? వైజాగ్‌లో రోజూ తిరిగే కారుకి లోయరింగ్ కిట్ ఎంచుకునే పద్ధతి

"30 మి.మీ. దించొచ్చా, 40 దించొచ్చా?" లోయరింగ్ గురించి, అంటే పొట్టి స్ప్రింగులతో కారు ఎత్తు తగ్గించడం గురించి, ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఒక అంకె చెప్పేస్తే పనైపోతుందనుకుంటారు. కానీ అదే స్విఫ్ట్, అవే స్ప్రింగులు బీచ్ రోడ్డు మీద ఒక్కరే ఆఫీసుకి వెళ్లొచ్చేవారికి హాయిగా ఉంటే, గాజువాక నుంచి రోజూ నలుగురిని ఎక్కించుకొచ్చేవారికి వారం తిరక్కుండానే నడుం పట్టేస్తుంది. అందుకే మీ కారు సస్పెన్షన్‌లో ఎంత చోటు ఉంది, అందులో మీ రోడ్డు ఎంత తినేస్తోంది అన్నది ముందు కొలవాలి. కిట్ సంగతి ఆ తర్వాతే. కింద కొలతలకే ఎక్కువ చోటు ఇచ్చాం, ఎందుకంటే డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువగా అక్కడే తప్పుతారు.

ఇక్కడి లెక్కంతా ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకు ఒకే నిలువు కడ్డీగా ఉండే అమరిక), వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే అడ్డ ఉక్కు దూలం) ఉన్న కార్లకి. స్విఫ్ట్, బాలెనో, ఐ20, పోలో, ఆల్ట్రోజ్ అన్నీ ఆ కోవలోవే.

డబ్బు కట్టే ముందు చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. జర్మన్ కిట్లతో పాటు వచ్చే ట్యూవ్ (అక్కడి వాహన తనిఖీ సంస్థ) సర్టిఫికెట్ నాణ్యతకి గుర్తే కానీ, మన ఆర్టీఏ దగ్గర అది అనుమతి పత్రం కాదు. కొనకముందే ఆర్టీఏలో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు కూడా రాతలోనే తీసుకోండి. కారు ఇంకా వారంటీలో ఉంటే సస్పెన్షన్ క్లెయిములు దాదాపు వదులుకున్నట్టే. అనుమతి దొరక్కపోతే ఏం చేయాలో 4వ మెట్టులో ఉంది, అది చాలామందికి నిజంగానే సరిపోతుంది.

కావలసినవి

స్టీలు టేపు, నోట్‌బుక్. సన్నటి జిప్ టైలు నాలుగు. 30 మి.మీ. మందం థర్మోకోల్ ముక్కలు, గట్టి టేపు. చాక్‌పీసు. మంచి జాకీ, జాక్ స్టాండ్లు. ఇవి లేకపోతే తెలిసిన షెడ్డులో లిఫ్టు గంటసేపు అడగండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందకి ఎవరూ దూరకూడదు. సీట్లు నింపడానికి నలుగురు మనుషులు. ఇప్పటి వీల్ అలైన్‌మెంట్ ప్రింటవుట్. ఈ చివరిది చాలామంది తీసుకోరు. తర్వాత టైరు లోపలి అంచు అరిగితే, తేడా కిట్ వల్ల వచ్చిందా, బీమ్ ముందునుంచే వంగి ఉందా అన్నది ఆ కాగితం ఒక్కటే చెబుతుంది.

1. ముందు పాత సస్పెన్షన్ ఆరోగ్యం చూడండి

"మలుపులో కారు ఒరిగిపోతోంది, దించితే సరిపోతుందా?" అనేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు అరిగిన షాక్ అబ్జార్బర్లు, పగిలిన బుష్‌లు (సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు). షాకు మీద తడిగా ఆయిల్ మరకలు, లింక్ రాడ్లలో లూజు, స్ట్రట్ మౌంటింగ్ రబ్బరులో పగుళ్లు, లోయర్ ఆర్మ్ బుష్ చిరుగులు చూడండి. వీటిలో ఏది ఉన్నా ముందు బాగుచేయించి, రెండు వారాలు నడిపి, అప్పుడు నిర్ణయం తీసుకోండి.

2. ఎత్తు, మిగిలిన కదలిక కొలవండి

సమతలంగా ఉన్నచోట కారు ఆపి, టైర్లలో గాలి సరిచూసి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ (చక్రం నడిబొడ్డు) మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా అంకెలో కలిసిపోతాయి. ఒకసారి డ్రైవర్ ఒక్కరే కూర్చున్నప్పుడు, ఇంకోసారి ఐదుగురు, డిక్కీలో సామానుతో కొలిచి, రెండింటి తేడా రాసుకోండి. వెనక ఆ తేడా బాగా ఎక్కువ ఉంటుంది. మీ నిర్ణయాన్ని నడిపేది ఆ అంకే.

తర్వాత జిప్ టై పరీక్ష. కారు లేపి, ముందు స్ట్రట్ మీది దుమ్ము తొడుగు పైకి జరిపి, మెరిసే రాడ్డు చుట్టూ జిప్ టై కట్టి, షాకు బాడీని ఆనుకునేలా కిందకి నెట్టండి. మరీ బిగించొద్దు, వేలితో నెడితే జరగాలి. కారు మెల్లగా దించి, డ్రైవర్ ఒక్కరే కూర్చున్నప్పుడు టై నుంచి పైన ఉన్న బంప్ స్టాపర్ (షాకు పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ ఆపే ముక్క) కింది అంచు దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. చక్రం తిప్పి పక్కనుంచి చూస్తే కనిపిస్తుంది. తర్వాత రెండు రోజులు మీ మామూలు దారిలోనే నడపండి. ఒక్కసారైనా నిండు కారుతో వెళ్లండి. మళ్లీ లేపి చూస్తే, ఆ రెండు రోజుల్లో షాకు ఎంత లోతుకి వెళ్లిందో టై ఆగినచోటే చెబుతుంది. పరీక్షయ్యాక టై కత్తిరించేసి తొడుగు యథాస్థానంలో పెట్టండి. వెనక షాకుకి తొడుగు తీయడం కుదరకపోతే మడ్‌గార్డు కొలత మీదే ఆధారపడండి.

ఇప్పుడు లెక్క. ఉదాహరణకి, వెనక ఖాళీ 55 మి.మీ. ఉందనుకుందాం. నిండు బరువుకి వెనక 35 దిగుతోంది. అంటే కంపెనీ సస్పెన్షన్‌తో గుంతలకి మిగిలేది 20. ఇప్పుడు 30 దించే స్ప్రింగులు, 25 శాతం గట్టివి, వేశారు. గట్టిదనం వల్ల బరువుకి దిగేది 35 నుంచి 28కి తగ్గుతుంది. 55లోంచి 30, 28 తీసేయండి. మైనస్ 3. అంటే ఐదుగురు ఎక్కగానే, కారు కదలకముందే బంప్ స్టాపర్ మీద కూర్చున్నట్టు. ఆ పైన వచ్చే ప్రతి గుంత నేరుగా బాడీకి, మీ వెన్నెముకకి.

అదే 20 మాత్రమే దించితే 7 మిగులుతుంది. 30 దించి, దాంతోపాటు పొట్టి బాడీ షాకులు, పొట్టి స్టాపర్ ఉన్న జత కిట్ వేసి 20 మి.మీ. కదలిక తిరిగి సంపాదిస్తే 17 మిగులుతుంది. స్ప్రింగులు మాత్రమే కొనడానికీ జత కిట్ కొనడానికీ మధ్య ఉన్న తేడా ఇదే. ఈ అంకెల స్థానంలో మీవి పెట్టుకోండి. షాకు కదలిక, చక్రం కదలిక అచ్చంగా సమానం కావు గానీ, ఈ కార్లలో నిర్ణయానికి సరిపోయేంత దగ్గరగానే ఉంటాయి.

ఇక్కడ ఒక మాట. స్టాపర్ తగలడమే తప్పు కాదు. ఈనాటి ఫోమ్ స్టాపర్లు చివరి కొన్ని మిల్లీమీటర్లలో స్ప్రింగుకి సాయంగా పనిచేసేలా తయారవుతాయి. ఎప్పుడూ దాని మీదే నిలబడి ఉండటమే తప్పు.

3. మీ దారిని థర్మోకోల్‌తో పరీక్షించండి

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. 2,450 మి.మీ. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న స్విఫ్ట్ దాని మీద నిలబడితే, రెండు చక్రాల మధ్య బ్రేకర్ పైకి లేచేది 44 మి.మీ. మాత్రమే. 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ కారు అడుగుకీ మధ్య ఖాళీ) ఉన్న కారుని 30 దించినా దానికి లోటు లేదు. చిక్కంతా కాలనీల్లో సిమెంటుతో కట్టేసిన కురచ దిమ్మలతో. అర మీటరు వెడల్పుతో 15 సెం.మీ. లేచిన దిమ్మ ఆ 15 సెంటీమీటర్లనీ మీ చాంబర్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) కిందే అడుగుతుంది. 163లోంచి 30 పోతే 133. తగలక తప్పదు.

కాబట్టి డబ్బు ఖర్చు కాకముందే దించినట్టు నడిపి చూడండి. 30 దించాలనుకుంటే 30 మి.మీ. థర్మోకోల్ ముక్కల్ని ముందు బంపర్ కింది అంచుకీ, చాంబర్ గార్డు కిందా, వెనక బంపర్ కిందా గట్టిగా టేపు వేసి అంటించండి. సైలెన్సర్ పైపు దరిదాపుల్లో మాత్రం అంటించొద్దు, వేడికి కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. అక్కడ స్కేలుతో కొలత చాలు. నిండు కారుతో, నడక వేగంతో మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఎక్కి దిగండి, మీ వీధి దిమ్మలన్నీ దాటండి. హైవే మీదకి ఇలా వెళ్లొద్దు. తిరిగొచ్చి ముక్కలు చూడండి. ఎక్కడ నలిగిందో రేపు అక్కడే గీసుకుంటుంది.

వైజాగ్‌లో ఈ పరీక్ష మామూలు కన్నా ముఖ్యం. ఊరు కొండ వాలుల మీద పెరిగింది కాబట్టి సీతమ్మధార, పెదవాల్తేరు వైపు సెల్లార్ ర్యాంపులు చాలాచోట్ల నిటారుగా ఉంటాయి. ర్యాంపు పైఅంచు దగ్గర కారు పొట్ట, కిందికి చేరగానే బంపర్ ముక్కు తగులుతాయి. కొద్దిగా తగులుతోంది అంటే ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తే గట్టెక్కవచ్చు. రోజూ రెండుసార్లు అలా చేయగలరా అన్నది మిమ్మల్ని మీరే అడగండి. షీలానగర్, పోర్టు వైపు లారీలు నలిపేసిన రోడ్లలో తిరిగేవారికి పొట్ట కంటే 2వ మెట్టులోని కదలిక లెక్కే ప్రధానం. సెలవులకి ఐదుగురితో అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్లే అలవాటుంటే, నిండు కారు అంకెనే పట్టుకోండి. డ్రైవర్ ఒక్కరి అంకె మరిచిపోండి.

4. కిట్ రకం తేల్చుకోండి

కంపెనీ స్ప్రింగు కోయించడం: వద్దు. కోసిన చివర స్ప్రింగు ఆనే కప్పులో సరిగ్గా కూర్చోదు, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగు స్థానం తప్పుతుంది. వేడిచేసి కుదించడం అంతకన్నా ప్రమాదం, ఉక్కు పదును పోయి ఎప్పుడో విరుగుతుంది. ఖర్చు తక్కువని ఇప్పటికీ చేసిపెట్టే షెడ్డులున్నాయి. ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

లోయరింగ్ స్ప్రింగులు మాత్రమే: 15 నుంచి 25 మి.మీ. లోపు, షాకులు కొత్తగా ఉంటే, ఎక్కువగా ఒకరిద్దరే తిరిగితే పనికొస్తాయి. ఐబాక్ ప్రో-కిట్, హెచ్ అండ్ ఆర్, కోబ్రా స్ప్రింగులు ఇలా విడిగా దొరుకుతాయి. గట్టి స్ప్రింగు తిరిగి నెట్టే జోరుని కంపెనీ షాకు పూర్తిగా ఆపలేదు కాబట్టి గతుకు దాటాక కారు ఇంకోసారి ఊగుతుంది, షాకు ఆయుష్షు కూడా తగ్గుతుంది.

స్ప్రింగు, షాకు జత కిట్: రోజూ నడిపే కారుకి మేం మొదట చెప్పేది ఇదే. బిల్‌స్టీన్ బీ12 అంటే బీ8 పొట్టి షాకులు, ఐబాక్ స్ప్రింగులు కలిపిన జత. విడిగా షాకులు కొంటే బీ6, బీ8 తికమక పడొద్దు: బీ6 కంపెనీ ఎత్తుకి, బీ8 దించిన కారుకి.

కాయిలోవర్లు: మరలు తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకు సెట్లివి. ఎత్తు సర్దుకోవచ్చన్నదే ఆకర్షణ. కానీ ఉప్పుగాలికి మరలు పట్టేస్తాయి. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి దారి రోజూ తిరిగే కారుకి మామూలు ఇనుప మరలున్న చవక కాయిలోవర్ వేస్తే, రెండో వర్షాకాలం తర్వాత ఎత్తు సర్దడం కల్ల. తప్పదంటే కేడబ్ల్యూ ఇనాక్స్ లాంటి స్టెయిన్‌లెస్ బాడీ ఉన్నవి చూడండి. ఎత్తు ఒకసారి పెట్టి వదిలేసేవారికి అసలు వీటి అవసరమే లేదు.

దించకుండానే: అనుమతి రాకపోయినా, 3వ మెట్టులో థర్మోకోల్ అంతా నలిగిపోయినా, కంపెనీ ఎత్తుకి తగిన మంచి షాకులు, కొత్త బుష్‌లు, పట్టున్న టైర్లు వేయించండి. ఒరగడం అంతగా తగ్గదు గానీ ఊగడం ఆగిపోతుంది, స్టీరింగ్ నమ్మకంగా తిరుగుతుంది.

5. అమ్మేవారిని అడగాల్సినవి

పెట్రోలా, డీజిలా, ఆటోమేటిక్కా అన్నదాన్ని బట్టి పార్ట్ నంబర్ సరిపోవాలి. డీజిల్ ఇంజిన్ బరువు, అందుకే కంపెనీ కూడా స్ప్రింగుల మీద వేరే రంగు గుర్తులు వేస్తుంది. జర్మన్ పెట్టెల మీద వీఏ అంటే ముందు యాక్సిల్, హెచ్ఏ అంటే వెనకది, పక్కన కిలోల పరిమితి ఉంటుంది.

"30 దిగుతుంది" అంటే ఏ ఎత్తు నుంచి అని అడగండి. యూరప్ కారు కోసం చేసిన కిట్‌ది అక్కడి ఎత్తు నుంచి లెక్క. మన రోడ్ల కోసం ఎత్తు పెంచి అమ్మిన కారుకి అదే స్ప్రింగు వేస్తే పెట్టె మీద రాసినదానికన్నా ఎక్కువ దిగుతుంది. పోలో లాంటివి ఉన్నవారు ఇది తప్పక చూడాలి. మీలాంటి కారుకే వేసిన వారి దగ్గర హబ్ నుంచి మడ్‌గార్డు దాకా కొలత అడగండి, ఫోటో కాదు.

ఇంకా అడగండి: ముందు ఎంత, వెనక ఎంత దిగుతుంది? స్ప్రింగు గట్టిదనం ఎంత? స్టాపర్ కోయాలా, కోస్తే ఎన్ని మి.మీ.? చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్రింగు కప్పులో బిగుతుగా ఉంటుందా? చివరి ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ కిట్ వద్దు.

రిమ్ము కూడా పెద్దది చేయాలనుకుంటే రెండూ ఒకేసారి వద్దు. ముందు కిట్, ఒక నెల తర్వాత రిమ్ము.

6. బిగించే రోజు దగ్గరుండి చూడాల్సినవి

స్ప్రింగు కంప్రెసర్ లేకుండా స్ట్రట్ విప్పే షెడ్డులో పని చేయించొద్దు, మనిషి ప్రాణానికే ముప్పు. ఇంట్లో చేసుకోవాల్సిన పని కూడా కాదు. ఆటోనగర్‌లో ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ నాలుగు చూడండి.

స్ట్రట్ మౌంటింగ్, బేరింగు, తొడుగు ఎలాగూ విప్పుతారు కాబట్టి కొత్తవి వేయించండి. షాకు రాడ్డు నట్టుని ఎయిర్ గన్‌తో తిప్పనివ్వొద్దు. రాడ్డు తిరిగితే లోపలి సీలు పాడవుతుంది. స్ప్రింగు చివర కప్పులోని అడ్డుకి ఆని కూర్చోవాలి, మీద అచ్చు తిన్నగా చదవగలిగేలా ఉంటే సాధారణంగా పైకిందులు సరిగ్గా ఉన్నట్టే. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు వాటి క్లిప్పుల్లోకి తిరిగి వెళ్లాలి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు: లోయర్ ఆర్మ్, బీమ్ బుష్ బోల్టుల్ని చక్రాలు వేలాడుతుండగానే బిగించేయడం. కారు కిందకి దిగగానే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. కారు ఎత్తుగా నిలబడుతుంది, నెలల్లో బుష్ చిరుగుతుంది. వాటిని వదులుగా పెట్టి, చక్రాల మీద బరువు పడ్డాక, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి టార్క్ రెంచితో బిగించాలి. ఏబీఎస్ లేని పాత కార్లలో వెనక బీమ్‌కి కలిపి బరువుని బట్టి బ్రేకు పంచే వాల్వు ఉంటే దాన్ని కొత్త ఎత్తుకి సర్దాలి, లేకపోతే అది కారు నిండుగా ఉందనుకుని వెనక బ్రేకు ఎక్కువ వేస్తుంది.

తీసిన కంపెనీ స్ప్రింగులు, షాకులు పారేయొద్దు. అమ్మేటప్పుడో, ఆర్టీఏ అడిగినప్పుడో అవే దిక్కు.

7. ఫలితం సరిగ్గా ఉందో లేదో తేల్చుకోండి

అదే రోజు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సరిచేయించండి. కారు దిగగానే టో మారుతుంది, అలాగే తిరిగితే టైర్ల లోపలి అంచు తినేస్తుంది. స్ప్రింగులు 300 నుంచి 500 కి.మీ. లోపు కూర్చుంటాయి. అప్పుడు పూర్తి అలైన్‌మెంట్ మళ్లీ చేయించి పాత ప్రింటవుట్‌తో పోల్చండి. ముందు క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగిన కోణం) కొద్దిగా నెగటివ్‌కి, అంటే చక్రం పైభాగం లోపలికి, జరగడం సహజం, కానీ ఎడమ కుడి మధ్య తేడా పెరిగితే బిగింపులో లోపం ఉంది. వెనక బీమ్‌కి సర్దుబాటు ఉండదు, అక్కడి అంకెలు మారితే మళ్లీ విప్పించి చూడాలి.

మళ్లీ హబ్ నుంచి మడ్‌గార్డు కొలవండి. ఎడమ కుడి తేడా 5 మి.మీ. దాటితే స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదేమో చూడండి. ఐదుగురిని ఎక్కించి స్టాపర్‌కి ఖాళీ మిగిలిందో లేదో చూడండి. లిఫ్టు మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా నాలుగు స్ప్రింగుల్నీ చేత్తో తిప్పండి. ఏదైనా వదులుగా తిరిగిందంటే ఆ కారు రోడ్డెక్కకూడదు.

టైరు భుజం మీద చాక్‌పీసు రుద్ది, నిండు కారుతో స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి, ర్యాంపు ఏటవాలుగా ఎక్కండి. లోపలి లైనర్ మీద సున్నం అంటినచోట రాసుకుంటున్నట్టు. సెల్లార్ గోడ మీద హెడ్‌లైట్ వెలుగు గీతని పని ముందే టేపుతో గుర్తుపెట్టుకుంటే, తర్వాత ఎంత సర్దాలో తెలుస్తుంది. వెనక ఎక్కువ దిగితే వెలుగు ఎదుటివారి కళ్లలో పడుతుంది.

శబ్దాలు వినండి. స్టీరింగు తిప్పితే టంగుమంటే స్ప్రింగు కప్పులో సర్దుకోలేదు, లేదా మౌంటింగ్ బేరింగు పట్టేసింది. చిన్న గతుకులకి టకటకమంటే లింక్ రాడ్డు. పెద్ద గుంతకి దబ్బుమంటే స్టాపర్ దాకా వెళ్లిపోయింది, 2వ మెట్టు లెక్క మళ్లీ చేయండి. గతుకు దాటాక రెండుసార్లు ఊగితే షాకు ఆ స్ప్రింగుకి చాలడం లేదు.

ఆ తర్వాత ప్రతి సర్వీసుకీ టైర్ల లోపలి అంచు వేలితో తడమండి. పైకి బాగానే కనబడే టైరు లోపల తీగ తేలి ఉండొచ్చు. సముద్రం పక్క తిరిగే కారుకి పదిహేను రోజులకోసారి కింది భాగం మంచినీళ్లతో కడిగించి, స్ప్రింగు పూత ఎక్కడైనా రాలిందేమో చూడండి. కింది చుట్టులో రాళ్లు తగిలే చోటే తుప్పు మొదలవుతుంది, స్ప్రింగు విరిగేది కూడా ఎక్కువగా అక్కడే.